గ్యాసు ఉంది, ఇంట్లో చుట్టబీడీ అలవాటు లేదు. అయినా అత్తయ్యగారికి సీఓపీడీ ఎలా వచ్చింది?

వంశధార, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారికి అరవై దాటాయి. కాశీనగర్ దగ్గర పల్లెలో ఉంటారు. కొన్నేళ్ళుగా పొద్దున్న లేవగానే దగ్గు, కళ్ళె. ఇప్పుడు బోరింగు నుంచి బిందె తెచ్చేసరికే ఆయాసం. ఉబ్బసం అనుకుని మాత్రలు మింగిస్తూ వచ్చాం. మొన్న బరంపురం తీసుకెళ్తే యంత్రంలోకి గాలి ఊదించి, సీఓపీడీ (ఊపిరిగొట్టాలు ఇరుకైపోయి మళ్ళీ పూర్తిగా విడవని జబ్బు) అన్నారు. డాక్టరుగారు ముందు అడిగిందే "చుట్ట తాగుతారా" అని. ఆవిడ జన్మలో ముట్టలేదు. మామయ్యగారికీ ఏ అలవాటూ లేదు. "అయితే కర్రల పొయ్యే" అని రాసిచ్చి పంపేశారు.

నాకు అర్థం కానిది అక్కడే. ఇంట్లో 2017 నుంచి ఉజ్జ్వల గ్యాసుంది. వంట దాని మీదే. మరి ఈ జబ్బు ఎక్కణ్ణించి వచ్చింది? ఇంకో మాట, ఇన్‌హేలరు మొదలెడితే ఇక మానలేమంటున్నారు ఊళ్ళో. నిజమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

స్టెతస్కోపు, బరంపురం

వంశధార గారూ, నేను ఛాతీ వైద్యంలో పీజీ చేస్తున్నాను. ఆవిడని చూడకుండా ఆవిడ సంగతి చెప్పలేను, జబ్బు సంగతి చెబుతాను.

ఊదించిన పరీక్షని స్పైరోమెట్రీ అంటారు. గుండె నిండా గాలి పీల్చి ఒక్క ఊపున బయటికి ఊదాలి. ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనుకే 70 శాతమైనా బయటికి రావాలి. మందు పీల్పించి మళ్ళీ ఊదించినా అంతకు తక్కువే వస్తే ఊపిరిగొట్టాలు ఇరుకైపోయాయని లెక్క. ఉబ్బసంలో మందు పడగానే ఆ ఇరుకు చాలావరకు విడుతుంది. ఇందులో విడవదు. అందుకే ఊదించకుండా, చెవితో విని మాత్రమే "ఉబ్బసం" అనెయ్యకూడదు.

ఇక పొగ. కర్రా పిడకా పూర్తిగా మండవు. ఆ సగం మంటలోంచి వచ్చే నలుసుల్లో ఎక్కువ భాగం 2.5 మైక్రాన్ల లోపువే, తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు అనుకోండి. అవి ముక్కులో ఆగవు, గొంతులో ఆగవు, నేరుగా గాలితిత్తుల దాకా పోతాయి. రోజూ పొద్దునా సాయంత్రం అక్కడ వాపు రేగుతూ ఉంటే గొట్టాల గోడలు మందమవుతాయి, తిత్తుల గోడలు చిట్లుతాయి. ఒకసారి చిట్లినవి మళ్ళీ అతుక్కోవు. 2017లో గ్యాసు వచ్చేనాటికే మీ అత్తయ్యగారికి యాభై దాటి ఉంటాయి. పదేళ్ళ పిల్లగా పొయ్యి ముందు కూర్చోబెట్టారనుకుంటే అప్పటికే నలభై ఏళ్ళ పొగ లోపలుంది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి గుండె కుడి భాగం దెబ్బతిన్న రోగుల్ని ఢిల్లీలో డాక్టర్ ఎస్. పద్మావతి గారు పరిశీలిస్తే, వాళ్ళలో పొగతాగని ఆడవాళ్ళు చాలామంది కనిపించారు. 1959లో అచ్చయిన ఆ పరిశోధనలోనే వంటింటి పొగ మీద అనుమానం వెలిబుచ్చారు. మన వైద్యులు ఇవాళ్టికీ ముందు చుట్ట గురించే అడుగుతారు. అడగాల్సిందే, కానీ రెండో ప్రశ్న పొయ్యి గురించి ఉండాలి.

ఇన్‌హేలరు అలవాటైపోతుందన్నది ఉత్త మాట. మాత్ర ఒళ్ళంతా తిరుగుతుంది, ఇది కావలసిన చోటికే పోతుంది. మోతాదు చిన్నది. స్టిరాయిడు ఉన్నదైతే పీల్చాక నోరు పుక్కిలించాలి, అంతే. మానలేకపోవడానికి కారణం జబ్బు పోకపోవడం, మందు కాదు. బీపీ మాత్ర ఎందుకు మానం?

జీడితోట, గారబంద

డాక్టరుగారు కోప్పడకపోతే ఒక మాట. మా నాయనమ్మ తొంభై దాటి బతికింది. ఊదుగొట్టం చేతిలోంచి దించలేదు. పొగ ఉంటే దోమ రాదు, చూరుకి చెద పట్టదు, దూలానికి కట్టిన విత్తనాల మూట పురుగు పట్టదు. మన పెద్దలు తెలివితక్కువవాళ్ళా? ఇదంతా సిలిండరు అమ్ముకునేవాళ్ళ ప్రచారం అని నా అనుమానం.

లెక్కలమాస్టారు, గుణుపురం

జీడితోట గారూ, చెద విషయం నిజమే. చూరుకి మంచిదైంది ఊపిరితిత్తికి మంచిదవ్వాలని లేదు. విత్తనాల మూటలో పురుగుని చంపే పొగ దాని కిందే కూర్చున్న మనిషిని వదిలేస్తుందా? తొంభై దాటిన నాయనమ్మని అందరం చెప్పుకుంటాం. నలభైకే దగ్గి దగ్గి పోయినావిడకి గాలి సోకిందనో చేతబడనో చెప్పి ఊరుకున్నాం.

చోడిఅంబలి, రాయగడ

వంశధార చెల్లీ, డాక్టరు గారి మాటలు బాగున్నాయి గానీ నేనొకటి అడుగుతాను, దాయకుండా చెప్పు. గేసు మీద వంట సరే. మీ ఇంట్లో నీళ్ళు దేని మీద కాస్తన్నారు?

వంశధార

అక్కా, కర్రల పొయ్యి మీదే. వంటింటి వెనక వసారాలో పెద్ద కాగు ఉంటుంది. తెల్లారి నాలుగున్నరకి అత్తయ్యే రాజేస్తారు. నీళ్ళు వంట కాదు కదా అని నేను రాయలేదు.

చోడిఅంబలి

నాకు తెలుసు! మాదీ అదే కథ. నీళ్ళు వంట కాదు, ఆవుకి కుడితి వంట కాదు, ఉప్పుడు బియ్యానికి ధాన్యం ఉడకబెడితే వంట కాదు, ఇసకలో మరమరాలు వేపితే వంట కాదు. సంకురాత్రికి అరిసెలు కూడా కర్రల పొయ్యి మీదే, పెద్ద మూకుడు గేసు మీద ఆనదు. అన్నం కూరా మాత్రం గేసు మీద వొండీసి, "మాకు గేసే" అని జనాభా లెక్కలోళ్ళకి చెప్పీసుకుంటాం. చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు కూడా.

వంశధార

ఉప్పుడు బియ్యం కూడా ఉందక్కా. కోతలయ్యాక రెండు నెలలు. ఆ వసారాకీ వంటింటికీ మధ్య గోడ చూరుదాకా లేదు, పైన జానెడు సందుంది. ఆ పొగంతా లోపలికే వస్తుందని ఇప్పుడు తోస్తోంది.

లెక్కలమాస్టారు

ఇక్కడ ఎవరి బద్ధకమూ లేదు. లెక్క చేసి చూపిస్తాను, చూడండి.

ఒక బక్కెట్టు అంటే 20 లీటర్లు. చలికాలం మా నీళ్ళు 22 డిగ్రీలనుకుందాం. ఒంటిమీద పోసుకోవడానికి 42 కావాలి. 20 లీటర్లని 20 డిగ్రీలు పెంచడానికి పట్టే వేడి సుమారు 1,675 కిలోజౌళ్ళు. కిలో గ్యాసులో దాదాపు 46,000 కిలోజౌళ్ళుంటాయి, గిన్నెకి అందేది 60 శాతం అనుకోండి. బక్కెట్టుకి 60 గ్రాముల గ్యాసు. ఇంట్లో ఐదుగురుంటే రోజుకి 300 గ్రాములు, నెలకి 9 కిలోలు.

సిలిండరులో ఉండేదే 14.2 కిలోలు. వంటకి ఇంకో 9 కిలోలు వేసుకుంటే ఇరవై నాలుగు రోజులకి సిలిండరు ఖాళీ, ఏడాదికి పదిహేను కావాలి. ఉజ్జ్వల వాళ్ళకి సిలిండరు మీద 300 రూపాయల రాయితీ ఇదివరకు ఏడాదికి 12 సిలిండర్లకి ఉండేది, 2025–26కి 9కి కుదించారు. చేతిలో డబ్బు పెట్టి నీళ్ళు కాచుకోమంటే ఏ ఇల్లాలు కాస్తుంది, పెరట్లో జీడి కొమ్మలు ఊరికే పడి ఉండగా? వాళ్ళు లెక్క తప్పలేదు. తీరా ఊపిరితిత్తి ఖరీదు ఆ లెక్కలో ఎవరూ వెయ్యలేదు.

అదే బక్కెట్టుకి కరెంటు అర యూనిట్టు చాలు. అది మరో దారి, మళ్ళీ వస్తాను.

సిరొంచవాణ్ణి, గడ్చిరోలి జిల్లా

ఒడిశా మిత్రులకు మహారాష్ట్ర అంచు నుంచి నమస్తే. ప్రాణహిత దాటితే తెలంగాణ, మా బడిలో పిల్లలు ఇంట్లో తెలుగు, బయట మరాఠీ.

ఇక్కడ మాకు అన్నపూర్ణ పథకం కింద 2024 నుంచి అర్హులకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. నది అవతల చుట్టాలకి 500కే సిలిండరు. అయినా సాయంత్రం ఏ వాడకెళ్ళినా పొగే. మా దగ్గర పత్తి కట్టె. పత్తి తీసేశాక పొలంలో మిగిలే ఆ కట్టెకి ఖర్చు లేదు, ఎండితే భగ్గున అంటుకుంటుంది, అంతే తొందరగా ఆరిపోతుంది. అంటే ఎప్పుడూ ఎవరో ఒకరు పొయ్యి దగ్గర కూర్చుని ఎగదోస్తూ ఉండాలి. మొద్దు కర్రయితే పెట్టి అవతలికి పోవచ్చు. ఏ కట్టె ఎంత పొగ వదులుతుందో చెప్పేవాళ్ళున్నారు గానీ, ఏ కట్టె మనిషిని ఎంతసేపు పొయ్యి ముందు కట్టేస్తుందో ఎవరూ చెప్పరు.

ఉచిత సిలిండరుని మా ఆడవాళ్ళు వానాకాలానికి, చుట్టాలొచ్చినప్పుడు టీకి దాచుకుంటారు. ఖాళీ అయితే మళ్ళీ బండి ఎప్పుడొస్తుందో తెలీదు, అందుకు.

జీడితోట

చూశారా, అక్కడా మూడు ఉచితం! ఆంధ్రాలోని పాతపట్నం మాకు దగ్గరే. అవతల దీపం–2 కింద 2024 నవంబరు నుంచి ఏడాదికి మూడు ఉచితం. మా చెల్లెల్ని అక్కడికిచ్చాం, ఫోను చేసి మరీ చెప్తుంది. గీత ఇవతల పుట్టిన పాపానికి మాకు 300 రాయితీయే. మాకూ అలా ఇస్తే

నిర్వాహకులు

ఏ ప్రభుత్వం గొప్పదన్న చర్చకి వేరే విభాగం ఉంది. జీడితోట గారి మిగతా రాత అక్కడికి మార్చాం. ఇక్కడ పొగ గురించే మాట్లాడుకుందాం.

జీడితోట

మార్చారా, సంతోషం. ఇంతకీ చెల్లెలింట్లో కూడా నీళ్ళు కర్రల మీదే కాస్తారు. అది కూడా రాశాను, మీరు దాన్నీ మార్చేశారు.

స్టెతస్కోపు

చోడిఅంబలి గారు అడిగిన ప్రశ్న మా ఓపీలో మేం అడగం. అడగాలని ఇవాళ నేర్చుకున్నాను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో పొగలేని ఇంధనం వాడే ఇళ్ళు దేశంలో 58.6 శాతం, ఒడిశాలో 34.7 శాతం. నాలుగైదేళ్ళ ముందు సర్వేలో ఒడిశాది 19.2 కాబట్టి పెరిగిన మాట నిజమే. కానీ ఆ సర్వే అడిగేది వంటకి ముఖ్యంగా వాడే ఇంధనం ఏదని. వంశధార గారి ఇల్లు అందులో పొగలేని ఇళ్ళ లెక్కలోకే పోతుంది.

దీనికి తోడు వైద్యంలో ఒక చిక్కుంది. పొగ సగం తగ్గితే జబ్బు సగం తగ్గుతుందనుకుంటాం. అలా జరగదు. ఘనపు మీటరు గాలిలో సన్న నలుసు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు, రోజు సగటున 15 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం రోజుకి 60 దాకా ఒప్పుకుంటుంది. కర్రలు మండుతున్నప్పుడు వంటింట్లో ఉండేది వందల్లో, కిటికీ లేని గదిలో వేలల్లో. కిర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త 1980ల్లో గుజరాత్ పల్లెల వంటిళ్ళలో పొగ కొలవడంతో మొదలుపెట్టి జీవితమంతా దీని మీదే పనిచేశారు. ఆయనా తోటివాళ్ళూ తేల్చినదేంటంటే, నలుసు తక్కువున్న చోట కొంచెం పెరిగినా గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పు గబగబా ఎక్కుతుంది. బాగా ఎక్కువున్న చోట ఇంకా పెరిగినా అంతగా ఎక్కదు. తిరగేసి చూస్తే, వెయ్యి నుంచి ఐదొందలకి దిగినందువల్ల ఒరిగేది కొంచెమే. వంద నుంచి ముప్పైకి దిగినప్పుడే అసలు లాభం. మిద్దె మెట్లు సగం దిగి నిలబడితే నేల మీదికి వచ్చినట్టు కాదు కదా, అలాగ. అన్నం గ్యాసు మీదికి మారి నీళ్ళు కర్రల మీదే ఉండిపోతే మనం ఆ సగంలో నిలబడ్డట్టే.

ఇది ఊపిరితిత్తుల జబ్బు మాత్రమే అనుకోవద్దు. 2020లో ఇంటి పొగవల్ల లోకంలో 32 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో దాదాపు మూడో వంతు గుండె జబ్బు, నాలుగో వంతుకి దగ్గరగా పక్షవాతం. సీఓపీడీ వాటా 19 శాతమే. గుండెపోటొచ్చినావిడ దగ్గర పొయ్యి మాట ఎవరూ ఎత్తరు.

జీడితోట

డాక్టరుగారూ, నేనూ చదివాను. తమిళనాడుతో పాటు మరో మూడు దేశాల్లో గర్భిణులకి గ్యాసు ఉచితంగా ఇచ్చి చూశారు. పిల్లల బరువు పెరగలేదు. న్యుమోనియా కూడా తగ్గలేదు. మరి దీనికేమంటారు?

స్టెతస్కోపు

మంచి ప్రశ్న, దాటెయ్యను. మీరు చెప్పేది హాపిన్ అనే ప్రయోగం. గ్వాటెమాలా, పెరూ, రువాండా, మన తమిళనాడు కలిపి 3,200 మంది గర్భిణులు. బిడ్డ బరువు ఫలితం 2022లో, న్యుమోనియా ఫలితం 2024లో వచ్చాయి. గ్యాసు ఇవ్వని ఇళ్ళలో తల్లి పీల్చే నలుసు 70 దరిదాపుల్లో ఉంటే, ఇచ్చిన ఇళ్ళలో 24 ఉంది. బిడ్డ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏడాది లోపు పిల్లల్లో తీవ్ర న్యుమోనియా కూడా తగ్గినట్టు తేలలేదు. మలావీలో మెరుగైన పొయ్యిలిచ్చిన ప్రయోగంలోనూ 2016లో ఇదే ఫలితం. నాలాంటివాళ్ళకి ఇవి మింగుడుపడని విషయాలే, కానీ దాచకూడదు.

దాన్నిబట్టి పొగ మంచిదని తేలదు. గర్భం వచ్చిన కొన్ని వారాలకి గ్యాసిచ్చారు, అంతకుముందు ఇరవై ఏళ్ళు పీల్చినది అలాగే ఉంది. చుట్టుపక్కల ఇళ్ళ పొగ ఊళ్ళోనే ఉంది. 24 అన్నది కూడా 5కి చాలా దూరం. పైగా మీ నాయనమ్మ వయసువాళ్ళకొచ్చే జబ్బు ఏడాదిన్నర ప్రయోగంలో దొరకదు. దానికి వేరే సాక్ష్యం కావాలి. దక్షిణ చైనా పల్లెల్లో బయోగ్యాసుకి మారిన, వంటిల్లు గాలాడేలా కట్టుకున్న మనుషుల్ని తొమ్మిదేళ్ళు వెంబడించి 2014లో ప్రచురించారు. వాళ్ళ ఊపిరితిత్తి శక్తి తరగడం నెమ్మదించింది. వంశధార గారికి పనికొచ్చేది ఇదే. పోయినది తిరిగిరాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు.

జీడితోట

సరే. ఒప్పుకున్నానని కాదు, వింటున్నాను.

పొట్టంగి మంచు, కోరాపుట్ జిల్లా

నేను పల్లెల్లో తిరిగే ఉద్యోగంలో ఉన్నాను. ఇక్కడెవరూ పొగరాని పొయ్యి మాట ఎత్తలేదు, అందుకు రాస్తున్నాను. కేంద్రం 1980ల్లో మొదలుపెట్టి 2002 దాకా ఊరూరా పంచిన పొయ్యిలు మీ ఇళ్ళలో ఎక్కడైనా మిగిలాయా? మా దగ్గర వాటి గొట్టాలు కోళ్ళగూళ్ళకి వాడారు.

తర్వాత ఒడిశాలోనే పెద్ద పరీక్ష జరిగింది. బరంపురం దగ్గర మొహుదాలో ఉన్న గ్రామ వికాస్ సంస్థ పొయ్యిలు కట్టించింది. 44 ఊళ్ళు, దాదాపు 2,600 ఇళ్ళు. పరిశోధకుల్లో తర్వాత 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎస్తేర్ డుఫ్లో ఒకరు. నాలుగేళ్ళ దాకా వెంటపడి చూశారు. మొదటి ఏడాది వంట చేసే మనిషి పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత తేడా లేదు. దగ్గు తగ్గలేదు, కర్రల ఖర్చూ తగ్గలేదు. గొట్టంలో మసి తియ్యలేదు, మట్టి బీటలిస్తే మెత్తలేదు, మెల్లగా పాత పొయ్యి దగ్గరికే పోయారు.

దీన్ని చదివిన పట్నంవాళ్ళు "ఆడవాళ్ళకి అవగాహన లేదు" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఇంటి ముందు రోజూ అలికి ముగ్గేసే మనిషికి పొయ్యి మెత్తడం రాదా? ఆ పొయ్యి మీద కుండ ఆలస్యంగా కాగింది, రెండో పక్కకి మంట అందలేదు, మోపెడు కర్రని ముక్కలుగా కొట్టుకోమంది. ఆ కొట్టే పనీ ఆవిడదే. మగవాడు ఆ పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే మొదటి నెలలోనే దానికో మార్పు వచ్చేది.

అదే సంస్థ 1980ల్లో, 90ల మొదట్లో ఒడిశా అంతా 50 వేలకు పైగా గోబర్ గ్యాసు గుంతలు కట్టించింది. పశువులున్న ఇంట్లో అవి బాగానే నడిచాయి. పశువులు పోయాక పేడ ఎక్కణ్ణించి వస్తుంది?

రెండు రాష్ట్రాలూ మావే అనే మా కొఠియా వైపు పల్లెల్లో ఒడిశా కార్డూ ఆంధ్రా కార్డూ రెండూ ఉన్న ఇళ్ళున్నాయి. సిలిండరుకి కొదవ ఉండదనుకుంటారు. బండి రోడ్డు దాకానే వస్తుంది, ఆ పైన కొండెక్కించేది భుజమే. ఐదు కిలోల చిన్న సిలిండరుని వాళ్ళు ఇష్టపడతారు.

ఇంకోటి, చలికాలం వస్తోంది కాబట్టి తప్పక రాయాలి. మా గట్టు మీద చలికి నిప్పులకుండ గదిలో పెట్టుకుని తలుపు బిగించి పడుకుంటారు. పొగ రావడం లేదు కదా అని. బొగ్గు నిప్పుకి పొగ కనిపించదు గానీ కార్బన్ మోనాక్సైడు వస్తుంది. వాసన లేదు. నెత్తుటిలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట అది రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు, ఆ మత్తులోనే పోతారు. బాలింతల గదిలో మరీ జాగ్రత్త. నిప్పులకుండ పడుకునే ముందు బయట పెట్టెయ్యండి.

చోడిఅంబలి

బాలింత గదిలో నిప్పులు, సాంబ్రాణి, వెల్లుల్లి పొట్టు పొగ. పురిటి స్నానమయ్యాక ఆ పొగలోనే తల్లినీ బిడ్డనీ ఆరబెడతారు. మా అమ్మ కూడా చేసింది. పొట్టంగి చెల్లి చెప్పింది విన్నాక ఒళ్ళు జలదరిస్తంది.

స్టెతస్కోపు

చంటిపిల్లలున్న ఇంట్లో ఇంటిపొగ వల్ల న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. జీడితోట గారు చెప్పిన ప్రయోగాల మాట గుర్తుంచుకుని కూడా, చంటిబిడ్డని చంకనేసుకుని పొయ్యి ఊదొద్దనే చెబుతాను.

సిరొంచవాణ్ణి

కళ్ళ సంగతి ఎవరూ రాయలేదు. మా అమ్మకి యాభైకే రెండు కళ్ళలో శుక్లాలు.

స్టెతస్కోపు

అవును సార్. పొయ్యి పొగకీ శుక్లాలకీ సంబంధం ఉంది, ఆడవాళ్ళలో మరీ. ఊపిరితిత్తి క్యాన్సరు కూడా. ఇళ్ళలో బొగ్గు మండించే పొగ క్యాన్సరు కారకమనీ, కర్ర పొగ బహుశా కారకమేననీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2010లో వర్గీకరించింది. "బహుశా" అన్నది వాళ్ళ మాటే, నేను పెంచి చెప్పను.

లెక్కలమాస్టారు

మన వైపు ఇంకో చిక్కు. శ్రీకాకుళం, గంజాం తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళు అడ్డచుట్ట కాల్చడం మీరంతా చూసే ఉంటారు, నిప్పు నోట్లో పెట్టుకుని. అంగిట్లో పుండు, క్యాన్సరు వస్తాయని డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తున్నారు. ఒకావిడకి రెండూ ఉంటే ఏ పొగ ఏం చేసిందో ఎలా విడదీస్తారు?

స్టెతస్కోపు

ఒక మనిషిలో విడదీయలేం మాస్టారూ. చికిత్స ఒకటే, రెండు పొగలూ ఆపాలి. చుట్ట మానమంటే ఒప్పుకుంటారు గానీ పొయ్యి మానమంటే నవ్వుతారు.

వంశధార

మీ అందరి మాటలూ నిన్న రాత్రి ఇంట్లో చదివి వినిపించాను. మావారు హీటరు కొందామంటున్నారు. అత్తయ్య "కరెంటు నీళ్ళు ఒంటికి పడవు" అంటున్నారు. నాకైతే ఆవిడ దగ్గర పొయ్యి మానిపించడం కన్నా, ఆవిడ బదులు ఎవరు రాజేస్తారన్నది ముఖ్యమనిపిస్తోంది.

లెక్కలమాస్టారు

అమ్మా, ముంచే రాడ్డు కొంటే ఐఎస్ఐ గుర్తున్నది కొనండి. ప్లాస్టిక్ బక్కెట్టులోనే పెట్టండి. స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్ళలో వేలు పెట్టాలి, ఇది ఇంట్లో అందరికీ చెప్పాలి. మీ పల్లెలో వోల్టేజీ తెల్లారుజామున బాగానే ఉంటుంది కాబట్టి నీళ్ళకి ఇబ్బంది రాదు. ఇండక్షను పొయ్యికైతే సాయంత్రం వోల్టేజీ చూసుకుని కొనండి. దానికి మంట లేదు కాబట్టి ఇంధనం పొగ రాదు, నూనె వేపుడు పొగ మాత్రం ఏ పొయ్యి మీదైనా ఉంటుంది.

స్టెతస్కోపు

వెంటనే చెయ్యాల్సింది వంశధార గారే చెప్పేశారు, ఆవిడ రాజెయ్యకూడదు. రాజేసినప్పుడూ ఆర్పినప్పుడూ వచ్చేంత పొగ మధ్యలో మంట నిలబడ్డాక రాదు. కర్రలు ఎండినవే వాడండి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి మీ డాక్టరుగారిని అడగండి. ఇన్‌హేలరు స్పేసరుతో (దానికి తగిలించే బోలు గొట్టంతో) పీల్చడం డాక్టరుగారి ఎదుటే ఒకసారి అత్తయ్యగారిని చేసి చూపించమనండి, చాలామంది మందు నాలుక మీదే వదిలేస్తారు.

చోడిఅంబలి

ధాన్యం ఉడకబెట్టడం మానీ చెల్లీ. మిల్లుకి ఇచ్చీ. మా ఇంట్లో మిల్లు ఉప్పుడు బియ్యం రుచి లేదని మొదట గొడవ చేశారు, చద్దన్నం చేసి పెడితే ఎవరికీ తేడా తెలీలేదు. ఆ రెండు నెలల పొగ అలా పోతాది. ఇక నీళ్ళ పొయ్యి పెరట్లోకి మార్పించు.

వంశధార

అక్కా, అక్కడే ఆగింది. వసారాలో ఉన్నది ఇంటికి ఆగ్నేయమట. పొయ్యి అక్కణ్ణించి కదిపితే దోషమని మామయ్యగారు.

జీడితోట

దీనికి నేను చెబుతాను. ఇంటికి ఆగ్నేయం ఉన్నట్టే స్థలానికీ ఆగ్నేయం ఉంటుంది. పెరడు గోడ దాకా కొలిచి ఆ మూల పెట్టమనండి, శాస్త్రం తప్పదు. చలికాలం పొద్దున్న మన దగ్గర గాలి ఉత్తరం నుంచో వాయవ్యం నుంచో వీస్తుంది, ఆ మూల పెడితే పొగ ఇంటి మీదికి రాదు. ఎండాకాలం సాయంత్రం దక్షిణం గాలి తిరుగుతుంది, అప్పుడు వేడినీళ్ళు ఎవరికి కావాలి? పక్కింటివాళ్ళ కిటికీ ఆ వైపు లేకుండా చూసుకోండి. మీద రేకు వెయ్యండి, పక్కల తడికలు మాత్రం కట్టొద్దు. వానకి తడుస్తుందని అందరూ ముందు కట్టేది తడికే, దాంతో మళ్ళీ గదైపోతుంది.

వంశధార

స్థలానికి ఆగ్నేయం అంటే మామయ్యగారు కాస్త మెత్తబడ్డారు. రేకులు పర్లాకిమిడిలో కొనమంటారా, పాతపట్నంలోనా?

జీడితోట

పాతపట్నం. అడ్డకర్రలు నా తోటలోవి పంపిస్తాను, డబ్బులొద్దు.